నీళ్లు పండేదాకా

మొదట చప్పుడు వచ్చింది మెట్లమీంచి.
నలుగురు మనుషులు, ఆగి ఆగి, "మెల్లగా, మెల్లగా" అంటూ
ఒక గాజు గదిని పైకి మోసుకెళ్తున్నారు.
లిఫ్టులో పట్టలేదట.
తలుపు సందులోంచి చూశాను:
ఆ గాజులో మా తుప్పు రెయిలింగు, మీటర్ల పెట్టె, నా ఒంటి కన్ను
కొంచెం పచ్చగా మారి
ఆరో అంతస్తుకి వెళ్లిపోయాయి.

ముప్ఫై ఒక్క ఏళ్లు ట్రాముల బ్రేకులు చూసినవాణ్ణి.
బరువంటే నాకు మాటలు కాదు.
నీళ్లు ఆరువందల కిలోలు. గాజు నూట ఇరవై.
ఇసుక, రాళ్లు, కింద ఇనుప బల్ల.
కరెంటు బిల్లు వెనక కూడి చూస్తే
తొమ్మిది వందల చిల్లర, సరిగ్గా నా మంచం మీద.
సిమెంటు పలకల్ని పేకముక్కల్లా పేర్చి కట్టిన ఇల్లు మాది,
బ్రనో ఊరి చివర, ట్రాము వెనక్కి తిరిగే చోట.
ఆ రాత్రి గోడలోని గొట్టం తెల్లవార్లూ గునిసింది.
నేను సోఫా మీద పడుకున్నాను.

మూడోనాడు ఫిర్యాదు కాగితం పట్టుకుని పైకెళ్లాను.
ద్రహోమీర తలుపు తీసింది,
ఆసుపత్రి రాత్రి డ్యూటీ దిగిన కళ్లు,
మోచేతుల దాకా తడి, జుట్టులో నాచు పోగు.
"కాస్త ఈ రాయి పట్టుకోండి, ఒతకార్ గారూ."
పట్టుకున్నాను. ఏం చేస్తాను?
రాయి కింద జాలీ పరిచింది, బరువు పరుచుకోవాలని.
బల్ల నడిగదిలో లేదు, గోడనే నమ్ముకుని ఉంది.
నా లెక్క ఆమె ముందే వేసింది, నాకన్నా నీటుగా.
కాగితం నాలుగు మడతలు పెట్టి జేబులో తోశాను.

"చేపలేవీ?"
"నీళ్లింకా పండలేదు."

నీళ్లు పండడమేమిటి, మామిడికాయా?
ఆరు వారాలట.
కంటికి ఆననివేవో ముందు కాపురం పెట్టాలట,
ఒక విషాన్ని తిని ఇంకో విషం చేసేవి,
ఆ రెండోదాన్ని తిని మొక్కలకి ఎరువు చేసేవి.
"ఇల్లు వాటిదండీ. చేపలు చుట్టాలు."

ఖాళీ నీళ్లు చూడ్డానికి రోజూ వెళ్లాను.
గాజు గొట్టంలో అయిదు చుక్కలు వేసి
ఇద్దరం కిటికీ వెలుతురులో పెట్టి కొట్లాడుకునేవాళ్లం,
అది వంకాయ రంగా, నేరేడు రంగా అని.
నీళ్లు కుడితిలా తెల్లబడ్డ వారం
ఆమె హాయిగా నిద్రపోయింది.
నేనే రెండుసార్లు తలుపు కొట్టాను.

మా ఇంట్లో చేపంటే క్రిస్మస్ ముందు మూడు రోజులు.
స్నానాల తొట్టిలో కార్పు. మాకు స్నానాలు బంద్.
"పేరు మాత్రం పెట్టకు" అనేది అమ్మ.
మూడోరోజు నాన్న చెక్క సుత్తితో లోపలికెళ్లి గడియ పెట్టుకునేవాడు.
చెవులు మూసుకున్నా పంపు శబ్దం వినపడేది.
తర్వాత ఒక పొలుసు కడిగి నా చేతిలో పెట్టేవాడు,
పర్సులో దాచుకుంటే డబ్బుకి లోటుండదని.
దాచుకున్నాను. డబ్బు సంగతి వదిలేయండి.

ఆరు వారాల మీద ఇంకో నాలుగు రోజులు పట్టింది.
చుక్కల రంగు లేత నీలానికి దిగింది, దిగి నిలిచింది.
సంచులు అరగంట నీళ్లమీద తేలాయి,
లోపలి వేడీ బయటి వేడీ ఒకటయ్యేదాకా.
ఆమె లైటు ఆర్పి, సంచి వంచింది.
ముక్కెర్రని పిల్లలు, ఇరవై మూడు, చిటికెన వేలంత లేవు.
అన్నీ ఒక్క ఉదుటున రాయి వెనక దూరాయి,
నేను పట్టుకున్న రాయి.

"ఒకదానికి మీరు పేరు పెట్టండి."
ఏది ఏదో తెలిస్తేగా.
అయినా నోటిదాకా వచ్చింది,
తొట్టి అంచున కూర్చుని
అమ్మకి వినపడకుండా పిలిచిన పేరు.
"పెరగనీండి, చూద్దాం" అన్నాను.

ఇప్పుడు మంచం మీదే పడుకుంటున్నాను.
పైన మోటారు సన్నగా, నిద్రలో పిల్లాడి ముక్కులా.
నాకూ వాటికీ మధ్య జానెడు సిమెంటు.
ఇసుక కింద ఇంకో అడుగు ఉందని
వాటికి తెలీదు.

మంచం పక్కన బకెట్ మాత్రం పెట్టుకున్నాను.
ఎంతైనా
తొమ్మిది వందల కిలోలు.