పై వరస, కింది వరస

కాలేజీ మొత్తం ఒక్క మేడ.
కింద తపాలా ఆఫీసు, పైన మేం.
ఇంకా మేం కాదు, వాళ్ళు.
మొదటి ఏడు పదహారు మంది, రెండో ఏడు పదహారు మంది.
వేళ్ళ మీద లెక్కేశాను:
నోట్లో పళ్ళన్ని.

మాంక్టన్ నించి ఉత్తరంగా మూడు గంటల బస్సు.
ఏప్రిలొచ్చినా రేవులో మంచు విరగలేదు.
చూడ్డానికొచ్చింది నేనూ, ఓ తండ్రీ కొడుకూ, అంతే.
తిప్పి చూపించింది మదాం ఆర్సెనో.
ఆమె మోచేతుల దాకా ప్లాస్టరు,
ఇంటికి సున్నం వేస్తూ వేస్తూ వచ్చినట్టు.

గోడ నిండా అరలు, అరల నిండా దవడలు.
పేర్లు లేవు, నంబర్లున్నాయి.
అందరూ ఒకేసారి నవ్వుతున్నారు
నాకు తెలీని ఏ జోకుకో.
కరిగిన మైనం వాసన.
బల్లకో చిన్న మంట.

"ఉద్యోగాలొస్తాయా?" తండ్రి అడిగాడు.
"పోయినేడు పదిహేను మందికొచ్చాయి.
పదహారోవాడు పడవ కొనుక్కున్నాడు" అందామె.
కొడుకు ముఖం పడవ మాట దగ్గరే వెలిగింది.

హాలిఫాక్స్ యూనివర్సిటీ పుస్తకం
మూడు నెలలుగా మా ఫ్రిజ్ మీదే ఉంది.
అందులో అందరూ గడ్డి మీద కూర్చునుంటారు.
ఒక్కరి చేతిలోనూ పనిముట్టు లేదు.
పళ్ళు మాత్రం బావున్నాయి.

జెర్వే మామయ్య తేల్చేశాడు:
"ఏ రాయైతేనేం పళ్ళూడగొట్టుకోడానికి!
పోయేదేదో పెద్దదానికే పో."
నేను పోయేది
ఊడినవి పెట్టడానికి, మామయ్యా.

సెప్టెంబరు ఇలా ఉంటుందనుకుంటాను:
బేకరీ పైన అద్దెగది,
తెల్లారి మూడింటికే రొట్టె వాసనకి మెలకువ.
పక్క మంచం మీద ఓ అమ్మాయి,
నొయెల్లా అనుకుందాం,
నిద్రలో పళ్ళు కొరుకుతుంది.
నేను కళ్ళు మూసుకుని
ఏ పన్ను ఎంత అరుగుతోందో లెక్కపెడతాను.
మొదటి నెలంతా సబ్బుబిళ్ళలో దవడపన్ను చెక్కడమే.
చెడిపోయినవన్నీ స్నానానికి.
శుక్రవారం సాయంత్రం ఊళ్ళో ఉన్నది ఒకటే బారు,
పాఠం చెప్పేవాళ్ళూ అక్కడే,
పరీక్షలో నాకెన్ని వచ్చాయో
గ్లాసు కడిగే అతనికి కూడా తెలుసు.

భయం లేదని కాదు.
పెద్ద చోట ఎవరికీ కనబడకుండా తిరగొచ్చు.
ఏడవాలంటే ఏ మెట్ల కిందైనా ఏడవొచ్చు.
ఇక్కడ పదహారు మందిలో ఒకరు రాకపోతే
ముందుపన్ను ఊడినట్టే,
ఆ సందులోంచి గాలి ఈలవేస్తుంది.
ఎవరో మెట్లెక్కి వచ్చి తలుపు కొడతారు.
అది నాకు కావాలో వద్దో
ఇప్పటికీ తెలీదు.

మా మెమేర్‌కి, అమ్మ వాళ్ళమ్మకి,
పద్దెనిమిదో ఏట, పెళ్ళికి వారం ముందు
అన్ని పళ్ళూ ఒకేరోజు పీకించాడట వాళ్ళ నాన్న.
గట్టివి కూడా.
తర్వాత ఎవరికీ ఖర్చు రాకుండా.
అప్పట్లో అదో కానుక.
పంటి బిగువున ఓర్చుకుందామన్నా
బిగించడానికి ఏం మిగల్లేదు అంటుంది.
పెళ్ళి ఫోటోలో మూతి గట్టిగా మూసే ఉంది.
ఇవాళ్టికీ ఆపిల్‌ని చెంచాతో గీరుకునే తింటుంది.

నాకిప్పుడు పద్దెనిమిది.
దరఖాస్తులో ఓ ప్రశ్న: ఈ వృత్తి ఎందుకు?
మూడు ఖాళీ గీతలు.
వంటింటి బల్ల మీద కాగితం పరిచి
కలం కొరుకుతున్నాను.

"నాకు కొత్తవి చేస్తావా?" మెమేర్ అడిగింది.
"రెండో ఏడు వరకూ పట్టుడుపళ్ళు చెప్పరట."
"అయితే అప్పటిదాకా ఉండాలన్నమాట."
కాసేపు గ్లాసులో ఉన్నవాటికేసి చూసింది.
"ముందు రెంటి మధ్యా నాకు కాస్త సందుండేది.
దాంట్లోంచి ఈలవేస్తే
అవతలి ఒడ్డున కుక్కలు లేచేవి.
అది కూడా పెట్టు."