సంధి వైకల్పికం

ఆశ్రమశాల వంటగదిలో కూర్చోబెట్టారు.
ఎండాకాలం, పిల్లలు లేరు.
గోడమీద బొగ్గుతో ఎవరో గీసిన లారీ,
దాని కింద బోర్లించిన గంజులు.
బల్లకు అటు నిమగడే సాబు, ఇద్దరు గుమస్తాలు.
ఇటు మొహానికి తువ్వాళ్లు చుట్టుకున్న ముగ్గురు.
మధ్యలో ముక్కాలిపీట మీద నేను,
తునికాకు కల్లం మున్షీ సడవలిని.
తెలుగు, మరాఠీ, మాడియా వచ్చన్న నేరానికి
సిరొంచ నుంచి జీపులో కొంత, ఎడ్లబండిలో కొంత
తీసుకొచ్చారు.

తుపాకులు బయటున్నాయి.
ఇప్పచెట్టు మొదలుకు ఈ పక్క వాళ్లవి, ఆ పక్క వీళ్లవి.
వంటామె మాసుబాయి నడుమ వడ్లు ఎండబోసి
కోళ్లను తోలమని
రెండువైపుల కాపలావాళ్లకూ చెప్పి పోయింది.

సాబు కాగితం చదివాడు: శస్త్రసంధి.
తెలుగులో చెప్పు, అన్నారు.
కాల్పుల విరమణ, అన్నాను.
బల్లకు ఇటున్న పెద్దమనిషి తల అడ్డంగా ఊపాడు.
"విరమణ గాదు, విరామం.
విరమణంటే పింఛనిచ్చి ఇంటికి పంపుడు."
ఆ తేడా మరాఠీలోకి మోసేసరికి
చాయ్ మీద మీగడ కట్టింది.

సంధి అంటే నాకు
ప్రాణహిత అవతల హాస్టల్లో ఆరో తరగతి.
రెండు మాటలు కలిసేచోట
ఒక అక్షరం చచ్చిపోవాలి, అనేవాడు పంతులు.
కొన్నిచోట్ల నిత్యం, కొన్నిచోట్ల వైకల్పికం.
చచ్చేది ముందున్న మాట చివర నిలబడ్డదేనని
బెత్తంతో కొట్టి గుర్తుంచాడు.
మా ఇంట్లో సంధి అంటే వేరే.
జ్వరం తలకెక్కి అమ్మ
నాలుగురోజులు మాట్లాడిన మాటలు.
ఈ రెండూ సాబుకు చెప్పలేదు.

బేరం రోజుల దగ్గర ఆగింది.
వీళ్లు తొంభై అన్నారు. సాబు వారం అన్నాడు,
నాగపూర్‌కు ఫోన్ చేసొచ్చి పది అన్నాడు.
ఆకుకోత ఎన్నాళ్లు, అని అడిగారు,
మొదటిసారి నన్ను, నా నాలుకను కాదు.
వాన పడకుంటే ఇరవై, అన్నాను.
రాళ్లవాన పడితే ఆకు నిండా చిల్లులే, లెక్కే లేదు.
ఆకు మీద చందా ఎవరికి పోతుందో
రాయల్టీ ఎవరికి పోతుందో
గదిలో అందరికీ తెలుసు. ఎవరూ అనలేదు.
ఇరవైకి ఒకటి కలిపి రాశారు.
ఆ ఒక్కరోజు ఎవరు తగ్గినట్టో, ఎవరు గెలిచినట్టో
తేల్చకుండా వదిలేశారు.

రెండ్రోజులు నేను ఒక్కమాట జారలేదు.
తిట్టును తిట్టుగానే మోశాను.
మీరు చంపినోళ్ల లెక్క చెప్పమని ఇటు అడిగితే
అదే బరువుతో అటు దించాను,
అటునుంచి వచ్చిన లెక్కనూ అట్లే.

సంతకాలయ్యాక
బల్ల చివర రెండ్రోజులూ నోరిప్పని ఆమె
బోరింగు దాకా నా వెనకే వచ్చింది.
తువ్వాలు దించి దోసిలి పట్టింది.
ఆ గదవ వెలాది వాళ్లది, పోలిక దాగదు.
"మా అవ్వ ఆకు తెచ్చేది నీ కల్లానికే గదా, లచ్చుబాయి.
రోజుకెన్ని కట్టలు?"

నా సంచిలో బుక్కుంది.
బుక్కులో ఆ పేరు మీద
పోయిన వానకాలం నేనే కొట్టిన ఎర్రగీత ఉంది.
ఎవరి మాటా కాదు, నా మాటే
నా భాషలోనే
"నూట ఇరవై" అన్నాను.

తాగడం ఆపింది.
బోరింగు దండె పట్టుకుని
చెట్లలోకి ఎటో చూసింది చాలాసేపు.
"గంత ఎక్కువ. నూరని రాసుకో."

రాసుకున్నాను.

మాసుబాయి వడ్లు ఎత్తేసింది.
ఇప్పచెట్టు కింద మీసాలు రాని పోలీసు పిల్లోడు
ఉత్త నేలమీంచి
ఇంకా కోళ్లను తోలుతున్నాడు.