మూడో సిలిండరు

పైడయ్య మేస్త్రికి ఎడమ చెవి ఎప్పుడో పోయింది,
కుడిది లారీ హారనుకి మాత్రం పలుకుతుంది.
అయినా ఆదివారం పదకొండయ్యేసరికి
సుంకి చెక్‌పోస్టు దాటాక ఉన్న మా షెడ్డులో
గ్రీజు చేతులు కిరసనాయిలుతో కడుక్కుని
టీవీ పక్కన పీటేసుకునేవాడు.
స్పీకరు మీద అరచెయ్యి ఆనించి
‘నాలుగు చక్రాలు’ చూసేవాడు.

చూడటం కాదది, నాడి పట్టడం.
అప్పట్లో వాళ్ళు బండిని ఎత్తు మీదికి వదిలి
నోరు మూసుకునేవాళ్ళు.
మేస్త్రి వేళ్ళు అదిరేవి:
“సెకండుకి దించాడు... ఆఁ, ఇప్పుడు పట్టింది.”
తెరకేసి చూస్తున్న నాకు అదేమీ తెలిసేది కాదు.

పదిహేడేళ్ళు.
రణధీర్ జుట్టు ఏటికేడాదీ నల్లబడింది.
ముందు ఎవరి పేరు వెయ్యాలో తేలక
ఒక ఏడంతా ఇద్దరి పేర్లూ
ఎదురెదురు బస్సుల్లా ఒకేసారి వచ్చి పడేవి.

పోయిన మాఘంలో మా ఘాటీకే వచ్చారు.
ఎర్ర బండి, సీట్ల మీద ప్లాస్టిక్ కవరైనా తియ్యలేదు.
స్టీరింగు ముందు ఎవరు పట్టాలని
ఏసీ వేసుకుని గంటన్నర వాదించుకున్నారు.
పొట్టంగి నుంచి దిగే నీలగిరి దుంగల లారీలు
బారుగా నిలిచిపోయాయి.
ఒక డ్రైవరు ఒడియాలో అన్న మాట
నేను తెలుగులో చెప్పను.
చివరికి బండే విసిగి ఆవిరి కక్కింది.
నీళ్ళు పోసింది నేను, గొట్టం క్లిప్పు బిగించింది మేస్త్రి.
ఆయన బానెట్ మీద చెయ్యి వెయ్యబోతే
“అంకుల్, మరక పడుద్ది” అన్నాడు మేకప్ కుర్రాడు.

మూడు వారాలకి అది టీవీలో వచ్చింది.
షెడ్డు నిండా జనం. టీకొట్టు గొబర్ధన్ పకోడీలకి డబ్బు తీసుకోలేదు.
అరగంటసేపు నిఖిలేష్‌ని రణధీర్ వెక్కిరించాడు,
రణధీర్ నడకని నిఖిలేష్ నడిచి చూపించాడు.
ఎవరిదో భుజం చాటున మా కొండ సగం కనిపించింది.
బండి రెండు మలుపులు తిరిగితే
దాని మీద డప్పుల మ్యూజిక్కు పోశారు.

చాలాసేపు మేస్త్రి అరచెయ్యి తియ్యలేదు.
తర్వాత నావైపు తిరిగాడు:
“ఇందులో ఇంజినేదిరా గుంటా?”

ఏం చెప్పను, సౌండు పెంచాను.
నవ్వులు పెరిగాయి.

అప్పుడే సాలూరు వైపు నుంచి
సిమెంటు బస్తాలతో ఒక పాత లారీ ఎక్కుతోంది.
షెడ్డు రేకు వణికింది. మేస్త్రి చెయ్యి
టీవీ మీంచి రేకు మీదికి జరిగింది.
“మూడో సిలిండరు కొట్టట్లేదు. ఆపమను.”

పరిగెత్తాను.
వెనక, టీవీలో, ఇద్దరూ ఒకేసారి
టాటా చెబుతున్నారు.