జానెడు పసుపు

జూట్ మిల్లు మూతపడి ఎన్నేళ్ళయిందో
గేటు తుప్పుని అడగాలి.
దాని మూడో గోదాములో
ఈ మూడు రోజులూ బొంతల పండగ అన్నారు.
విజయనగరంలో ఆదివారం చేసేందుకేముంది,
సగం రాసిన కవితల నోటుబుక్కు సంచిలో పడేసుకుని
ఆటో ఎక్కాను.
దిగేటప్పుడు కమ్మీకి తగులుకుని
చున్నీ పర్రుమంది.

లోపల ఇంకా గోగునార వాసన.
ఒకప్పుడు బేళ్ళు మోసిన ఇనుప కొక్కేలకి
ఇప్పుడు బొంతలు,
ఎవరెవరి నిద్రలో ఉతికి ఆరేసినట్టు.

దగ్గరికెళ్తే
ఒకదాంట్లో హోంగార్డు ఖాకీ ప్యాంటు మోకాలు,
దాని పక్కన బడిపిల్ల నీలం గౌను, జేబుతో సహా.
బలపం పొడి ఉందేమోనని జేబులో వేలు పెట్టి
సిగ్గుపడి తీసేశాను.
ఇంకోదాంట్లో
పోయిన ఎన్నికల్లో కొట్టుకున్న రెండు జెండాలు
వెలిసిపోయి, ఏ రంగు ఎవరిదో మరిచిపోయి
ఒకే కుట్టు కింద సర్దుకుని పడుకున్నాయి.

పొందూరు కుర్రాడొకడు
వాలుగ చేప దవడతో దూది దువ్వుతున్నాడు.
సన్నటి పళ్ళ సందుల్లోంచి
నలక రాలుతోంది, దూది తేలుతోంది.
"నీళ్ళలో ఏం తిని బతికిందో గానీ
చచ్చాక మబ్బు నములుతోంది" అన్నాను.
"మీరు రాస్తారా అండీ?"
అనుమానంగా అడిగాడు.

ఆ మూల, పాత కాటా పక్కన
జామి నుంచి వచ్చిన మజ్జి పారమ్మ.
నిప్పు నిషేధమన్న బోర్డు ఇంకా గోడకే ఉంది,
చుట్ట ఆర్పి చెవి సందున దోపుకుంది.
ఒళ్ళో సగం బొంత.
చీమలు నడిచి కుడతాయి,
ఈవిడ సూది కుడుతూ నడుస్తుంది,
కాస్త వంకరగా, వెనక్కి చూడకుండా.

"మధ్యలో ఏం పెడతారు?"
"మద్దినా? మిల్లు గోనె.
మా ఆయన ఈడే నేసీవోడు.
జీతం బాకీ ఉండిపోనాది,
గోనెలు మిగిలిపోనాయి.
పైకి అగపడవు గానీ
ఎచ్చదనం ఆటిదే."

రాసుకుందామని నోటుబుక్కు తీశాను.
పేజీ నిండా కొట్టివేతలే.
ఆవిడ కళ్ళు చికిలించింది.
"ఇవన్నీ ఏటి, కొట్టీసినావు?"
"సరిగ్గా రాలేదు. పనికిరావు."
సూది ఆగింది, మొదటిసారి.
"పనికొచ్చీ గుడ్డయితే కట్టుకుందుము గదే గుంటా,
బొంతలోకెందుకొస్తాది?"

అంటూనే నా చున్నీ పట్టుకుంది.
ఆటో చింపిన చోట
జానెడు పీలిక వేలాడుతోంది.
"ఇచ్చీయ్" అంది. అడగడం కాదది.
కత్తెర జోలికి పోలేదు. పంటితో ఒక్క గాటు,
చేత్తో ఒక్క చింపు.
నా మొన్నటి పుట్టినరోజు పసుపు
ఆవిడ ఒళ్ళో పడింది.
చూస్తుండగానే
అంచులు లోపలికి మడుచుకుని
ఒక ఖాకీకీ, ఎవరిదో పురిటి చీరకీ నడుమ
ఇరుగుపొరుగైపోయింది.

"ఎనకేపు సూడు" అని తిప్పింది.
అన్నీ ముళ్ళు.
దారం తెగిన చోట, చెయ్యి నొప్పెట్టిన చోట,
కరెంటు పోయిన రాత్రి గుడ్డిగా వేసిన చోట.
"రంగులు సూసీవోలు శానామంది.
ముడెక్కడేసినానో నాకే ఎరిక."

పోగంటే దారం. పోగంటే కుప్ప.
ఇన్నాళ్ళూ దారం కోసం వెతుకుతూ
కుప్పని ఊడ్చి పారబోశాను.

ఎంతకిస్తారని అడగబోయి ఆగాను.
"ఎవరికమ్మా ఇది?"
"నాకేటి తెలుసు. కొనీవోలు కొంటారు.
లేకపోతే మాఘమాసంలో
మా మనవరాలి పురుడుంది."

మూడు లాంతర్ల దగ్గర దిగి నడిచాను.
చున్నీ ఒకవైపు పొట్టిగా ఎగురుతోంది.
వేలు అలవాటుగా దాని చివర కోసం వెతికి
గాలిని పట్టుకుని వదిలేసింది.

ఆ రాత్రి కొట్టేసిన వాక్యాల మీద
కొట్టివేతలు అలాగే ఉంచి
ఒకదాని పక్కన ఒకటి పేర్చుకున్నాను.
దవడ. మబ్బు. బాకీ జీతం. జేబు.
అతకలేదు. ఇంకా అతకలేదు.

ఎక్కడో ఈ చలికి
పేరు తెలియని రెండు పాదాలు
నా జానెడు పసుపుని
నిద్రలోనే
ఇంకాస్త పైకి లాక్కుంటూ ఉంటాయి.