చిల్లర

మంగళవారం ఒకసారి, శుక్రవారం ఒకసారి
డియోలిండా ఎడమకాలు నా ఒళ్లోకి వస్తుంది.
మిగతా మనిషి దాని వెనకాలే,
వగరుస్తూ, మతోజిన్యోస్ రేవు గాలిని
కొంత గౌనుకి అంటించుకుని.

పాత కట్టు విప్పుతాను.
పొర, పొర, ఇంకో పొర.
చీలమండ పైన చర్మం
అడుగంటిన పాల రంగు,
నొక్కితే చెక్క.
నడుమ పుండు.

"ఇవాళ ఎంత?" అంటుంది.
చలికాలంలో అది రెండు యూరోల బిళ్ళంత.
ఈస్టరుకి పది సెంట్లు.
ఇవాళ ఒక్క సెంటు.
"అయితే అప్పు తీరుతోందన్నమాట."

ముప్ఫై ఒక్క ఏళ్ళు సార్డీన్ల తలలు కోసింది.
తడి నేల, రబ్బరు బూట్లు, పొడుగాటి బల్ల.
ఆ కప్పు కింద ఒక్కటే కుర్చీ,
అజమాయిషీ చేసే తవారెస్ గారిది.
దానిమీద ఆయన కోటు కూర్చునేది.

మొదట బరువు.
సాయంత్రానికి మేజోళ్ళలో ఇసుక పోసినట్టు.
తర్వాత రాత్రిళ్ళు పిక్క పట్టేసి
మంచం మీంచి లేపి కూర్చోబెట్టేది
(పగలు ఎవరూ కూర్చోబెట్టలేదు కదా).
రెండో కాన్పు అయ్యాక మోకాలి వెనక
వాన వెలిశాక వానపాముల్లా
మెలికలు మెలికలుగా తేలాయి, నీలంగా.
గౌను అంచు నాలుగు వేళ్ళు దించి కుట్టుకుంది.
కాళ్ళ అందం పోయిందన్నారు చుట్టుపక్కల వాళ్ళు.
జబ్బు అని ఒక్కరూ అనలేదు.

కట్టు చుడుతూ చెప్తాను:
నెత్తురు కిందికి దిగడం తేలిక, డియోలిండా,
ఎక్కడమే కష్టం.
దారిలో చిన్న చిన్న తలుపులుంటాయి,
ఎక్కినది జారకుండా వెనకే మూసుకుంటాయి.
నీవి వదులైపోయాయి.
ఎక్కిన మెట్టే మళ్ళీ దిగుతోంది నీ నెత్తురు.
పిక్క కదిలితేనే దానికి చేయూత,
నువ్వేమో కదలకుండా నిలబడ్డావు.

"మా ఫ్యాక్టరీ తలుపు బాగానే మూసుకునేది,
ఎనిమిదికి ఒక్క నిమిషం దాటితే," అంటుంది.

బల్ల దగ్గర ఆమె పక్కన నిలబడ్డ అల్జీరాకి
ఒక్క కాలే వాచింది, ఎర్రగా, వేడిగా.
రెండు రోజులు ఉల్లిపాయ కట్టు వేసుకుంది.
మూడోనాడు ఊపిరి అందలేదు.
ఆ పేరు దగ్గర ఇద్దరం ఆగిపోతాం.
కత్తెర ట్రేలో పెట్టిన చప్పుడు.

పోయిన నవంబరులో, స్నానాలగదిలో,
తువ్వాలు కుట్టు గీరుకుంది, అంతే.
నొప్పి లేదు.
తెల్ల పలకల మీద సన్నటి ఎర్రటి ధార
గోడదాకా.
చచ్చిపోతున్నాననుకుంది, నిలబడే.
ఇంకా నిలబడే!
మేనకోడలు ఇల్డా ఫోను చేస్తే అరిచాను:
పడుకోబెట్టు. గట్టిగా నొక్కు.
కాలు గుండెకన్నా ఎత్తులో పెట్టు.
బట్టల బుట్ట బోర్లించి పెట్టిందట.
ఆగింది.

తర్వాత ఆమె నాకు నెత్తురు సంగతి చెప్పలేదు.
"పైకప్పు చూశాను," అంది.
"ఆ మూలనుంచి ఈ మూలకి పగులు.
నలభై ఏళ్ళుగా ఉంటున్నానా ఇంట్లో,
అప్పుడే తెలిసింది."

వేళ్ళ మొదట్నుంచి మోకాలిదాకా చుడతాను,
కింద బిగువు, పైకి వదులు.
నడవమంటాను. నడుస్తుంది, రేవుదాకా.
తిరిగొచ్చి కాళ్ళు దిండెక్కిస్తుంది,
సిగ్గుపడుతూనే, దొంగతనం చేసినట్టు.

ఆగస్టు ఎండలకి కాలు మళ్ళీ పొంగింది.
కట్టు విప్పితే
పుండు యాభై సెంట్లు.
నేనేమీ అనలేదు.
నా మొహం చూసి ఆమే నన్ను ఓదార్చింది.

"వడ్డీ అమ్మాయ్," అంది,
కాలు ఇంకాస్త ముందుకి చాపి.
"కట్టు."