తిరగేసిన అక్షరం

మెక్సికో నగరంలో, సాంతో దొమింగో కమానుల కింద
మా తాత క్రిసోఫొరోది మూడో బల్ల.
ఎడమపక్క ప్రేమలేఖలు రాసిపెట్టేవాడు,
కుడిపక్క దొంగ రసీదులు అచ్చేసేవాడు,
నడుమ మేము. రబ్బరు ముద్రలు.

అక్షరాన్ని తిరగేసి చెక్కాలి.
కాగితం మీద పడ్డాకే అది తిన్నగా నిలబడుతుంది.
తొమ్మిదేళ్లప్పుడు నా చేతికిచ్చిన మొదటి మాట
రెండక్షరాలది: నో.
వద్దు.
"రెండోది సున్నా, ఎటు తిప్పినా సున్నాయే.
మొదటిదాని వాలు చూసుకో, ఒటీలియా,
అక్కడే అందరూ తప్పుతారు."

ఆ రోజుల్లో సర్కారు కాగితం అడుగున
ఆ నినాదం ఉండాల్సిందే:
ఓటు చెల్లాలి, మళ్లీ ఎన్నిక వద్దు.
నీటిపన్ను నోటీసుకీ అదే,
బసీలియా అత్త పింఛను కుదరదన్న ఉత్తరానికీ అదే.
అత్త దాన్ని రెండుసార్లు చదివించుకుని
"ఆ వద్దు ఒక్కటీ నాకే అన్నట్టుంది" అంది.

తాత కత్తి ఆపకుండా చెప్పేవాడు:
వాళ్ల నాన్న కాలంలో ఒక సేనాని
మళ్లీ ఎన్నిక వద్దంటూ గుర్రమెక్కి వచ్చాడట.
ఆ మాట మీదే గద్దెనెక్కాడు.
గడువు తీరాక మర్యాదగా దిగాడు,
కుర్చీ వెచ్చగా ఉంచమని
స్నేహితుణ్ణి కూచోబెట్టి.
తిరిగొచ్చాడు.
చట్టంలో ఒక మాట గీకారు.
ఆ గీకినచోట రాసినదాన్నీ గీకారు.
నాలుగేళ్లని ఆరు చేశారు.
మీసం తెల్లబడింది గానీ
మోకాలు కుర్చీ వదల్లేదు.
"చెక్కినవాడి చేతిలోనే చెరిపే కత్తీ ఉంటే
ఏ అక్షరం నిలుస్తుందే?"

చివరికి ఆయన పాత నినాదాన్నే
ఇంకొకడు ఎత్తుకున్నాడు.
ముసలాయన ఓడెక్కాడు.
ఊళ్లు తగలబడ్డాయి, రైళ్ల నిండా శవాలు,
అప్పుడు గానీ రాలేదు ఆ మాట రాజ్యాంగంలోకి.
కొన్నేళ్లకే మరో సేనానికి మనసు పుట్టింది.
వరసగా కాదుగా, మధ్యలో విరామముందిగా అన్నాడు.
గెలిచాడు కూడా.
ప్రమాణం చేసేలోగా
విందుబల్ల దగ్గర తూటాలు.
అప్పుడు మళ్లీ రాశారు:
ఒకసారి కూచున్నవాడు
ఎంత విరామమిచ్చినా ఇంక కూచోరాదు.

తాళం వేసితిని, గొళ్లెం మరిచితిని.
మనిషిని ఆపారు, పార్టీని ఆపలేదు.
ఆరేళ్లకో కొత్త మొహం,
దిగేవాడే ఎక్కేవాణ్ణి వేలు పెట్టి చూపేవాడు.
"దిండు మార్చారు" అని నవ్వేవాడు తాత.
నవ్వి, కాసేపాగి,
"అయినా లేచాడుగా," అనేవాడు,
"లేచినప్పుడు మోకాళ్లు నొప్పెట్టి ఉంటాయిగా."

తాత పోయిన ఏడాది
రిజిస్ట్రీ గుమాస్తా రుఫీనో
అరిగిన ముద్ర ఒకటి తెచ్చాడు.
మా భాషలో ఆ వద్దు వాక్యం నడిమధ్యన ఉంటుంది,
బొటనవేలు నొక్కేదీ అక్కడే.
పాత కాగితం మీద వేసి చూశాను:
ఓటు చెల్లాలి, మళ్లీ ఎన్నిక.
మధ్యలో లేత ఊదారంగు మరక.

"ఎన్నాళ్లుగా ఇలా?"
లెక్కపెట్టుకున్నాడు. "మూడు నెలలు."
"ఎవరూ అడగలేదా?"
"ఎవరు చదువుతారమ్మా."

ఆ పూట వేరే బేరం ముట్టుకోలేదు.
కొత్త రబ్బరు, సన్న మొన.
మొదటి అక్షరం వాలు తిరగేసి, ఊపిరి బిగబట్టి,
తర్వాత సున్నా.
మామూలుకన్నా లోతుగా దించాను.

రుఫీనో ధర చూసి గొణిగాడు.
ముందే తీసుకున్నాను.
ఆరేళ్లకోసారి తెచ్చి చూపించమన్నాను,
అరగకపోయినా సరే.