రెండో సమీక్షకుడికి జవాబు

అయ్యా,
నమూనాలు మూడే, మరికొన్ని కావాలన్నారు.

ముడసర్లోవ వెనక గట్టు దిగితే చిన్న మడుగు.
"టార్చి ఆపండమ్మా, దానికి సిగ్గు" అనేవాడు గౌరీసు.
స్కేలు మీద పద్దెనిమిది మిల్లీమీటర్లు;
గొంతు విప్పితే సైకిల్ బెల్లు.

మీ ఉత్తరం పద్నాలుగు నెలలకి వచ్చింది.
ఈలోగా రెండు వానాకాలాలు
సముద్రం మీంచి వచ్చి కొండెక్కిపోయాయి.

మొన్న వెళ్లాం. మడుగు నిండా కంకర,
పక్కన రోడ్డు రోలరు నిద్రపోతోంది.
గౌరీసు బోర్లా పడుకుని
నేలకి చెవి ఆనించాడు.
సీసాలోని మూడూ గుర్తొచ్చాయి నాకు,
స్పిరిట్‌లో తెల్లబడి.
"ఉన్నాదమ్మా" అన్నాడు లేచి,
చెంప మీది ఇసక దులుపుకోకుండానే.
నాకేమీ వినపడలేదు.

రెండో పట్టికలో నాలుగో వరుస చేర్చాను:
పొడవు – తెలీదు. బరువు – తెలీదు.
విన్నవారు – గౌరీసు.

దయచేసి కొట్టెయ్యకండి.